మా పిన్ని కృష్ణానదిగా ఉన్న రోజులు

ముందే ఒప్పేసుకుంటే ఒక పని అయిపోతుంది. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. పెరట్లో పిల్లి కనబడిందని నేను చెబితే, మా వాళ్లు కర్రలు పట్టుకుని పులి కోసం వెతుకుతారు. నా భార్య ఇన్నేళ్ల కాపురంలో నేను చెప్పే ప్రతి సంగతినీ నాలుగుతో భాగించుకుని వినడం అలవాటు చేసుకుంది. బజారులో నేను పెట్టిన ఖర్చు విషయంలో మాత్రం నాలుగుతో హెచ్చిస్తుంది, ఎందుకంటే నేను తగ్గించి చెప్పేది అదొక్కటే. కనుక ఈ కింద రాసినదాన్ని చదివేవారు ఎవరి భాగహారం వాళ్లు చేసుకోవచ్చు. ఇందులో నేను పూర్తిగా కల్పించిన ముక్క ఒకటుంది. అదేదో వెళ్లిపోయే ముందు నేనే చెప్పేస్తాను.

మొన్న వేసవిలో ఆటోనగర్ గేటు దగ్గర ఒక నీళ్ల ట్యాంకరు వెనకాల ఇరుక్కుపోయాను. ముందుకి కదలదు, పక్కకి తప్పుకోనివ్వదు. పైన ఎండ ఎలా ఉందంటే, నా స్కూటరు అద్దంలో నా మొహం అప్పడంలా వేగుతూ కనిపించింది. చేసేదేమీ లేక ట్యాంకరు వెనక వేసిన బొమ్మ చూస్తూ కూర్చున్నాను. నీలం చీర కట్టుకున్న ఒక ఆడమనిషి, చంకన బిందె, కింద ‘కృష్ణమ్మ’ అని ఎర్రరంగు అక్షరాలు. ఆ మొహం ఏ పెయింటరు వేసినా వచ్చే మొహమే. కానీ బిందె మెడని పట్టుకున్న చెయ్యి చూసేసరికి స్కూటరు మీద నిటారుగా లేచి కూర్చున్నాను. నాలుగు వేళ్లూ బిందె అంచు మీద ఉన్నాయి, చిటికెనవేలు మాత్రం ఎవరినో ఆగమన్నట్టు పైకి లేచి ఉంది. అది మా పిన్ని వేలు. చిన్నప్పుడు తలుపుసందులో పడి నలిగి, అప్పట్నుంచీ వంగని వేలు. ఆ పెయింటరు ఎవరి బొమ్మ చూసి వేశాడో, ఆ ఎవరో ఇంకెవరి బొమ్మ చూసి వేశాడో, మా పిన్ని చిటికెనవేలు మాత్రం చెక్కుచెదరకుండా ట్యాంకరెక్కి ఊరంతా తిరుగుతోంది. వెనక వాళ్లు హారన్లు కొడుతున్నా నాకు వినపడలేదు. బందరు కాలువ గాలీ, నల్లసిరా వాసనా, బాబాయి గురకా కలిసి వచ్చి నన్ను ఎక్కడికో పట్టుకుపోయాయి.

బాబాయి అంటే మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. విజయవాడ నుంచి వచ్చే ఒక దినపత్రికలో కార్టూనిస్టు. మొదటి పేజీలో కింద ఎడమ మూల ఆయనది. అరచెయ్యంత జాగా. ఆ అరచేతిలో ఆయన మంత్రివర్గాలని పడగొట్టాడు, రోడ్లు వేయించాడు, ఒకసారి ఉల్లిపాయల ధర కూడా దింపాడు. అప్పుడు నేను ఆటోనగర్లో ఒక స్పేర్ పార్టుల కొట్లో కొత్తగా చేరి, వాళ్లింట్లోనే మకాం పెట్టాను. పగలంతా బేరింగులూ బోల్టులూ లెక్కపెట్టి, సాయంత్రం గ్రీజు వాసనతో వచ్చి ఆయన గది గుమ్మం దగ్గర కూర్చోవడం నాకు సినిమాకి వెళ్లడంతో సమానం.

ఆయన పని చేసే పద్ధతి చూస్తే కొత్తవాళ్లకి అనుమానం వచ్చేది. మధ్యాహ్నం భోంచేసి, పడక కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి గురక మొదలయ్యేది. అది మామూలు గురక కాదు, ఎదురింటివాళ్లు గూడ్సు బండి వెళ్తోందనుకుని గడియారం సరిచేసుకునేవారు. ఎవరైనా లేపబోతే పిన్ని వంటింట్లోంచి “లేపకండి, గీస్తున్నారు” అనేది. నిజంగానే తలలో గీస్తూ ఉండేవాడట. దీపాలవేళకి లేచి, పిన్ని తెచ్చిన కాఫీ తాగి, తలలో ఉన్న బొమ్మని ఒక్క ఊపున కాగితం మీదికి దించేసేవాడు. ఎదురుగా ఎవర్నీ కూర్చోబెట్టుకోవడం లేదు, ఫొటోలు చూడడం లేదు. “చూసి గీసేది గుమస్తా పనిరా. లండన్ తాత చూసి గీశాడా?” అనేవాడు.

లండన్ తాత సంగతి చెప్పకపోతే మీకు బాబాయి అర్థం కాడు. విక్టోరియా రాణి కాలంలో లండన్లో ఒక వారపత్రికకి రాజకీయ బొమ్మలు వేసిన మహానుభావుడాయన. ఆ పత్రిక సంపుటం ఒకటి, దిండంత లావుది, పాత పుస్తకాల కొట్టువాడు పొట్లాలకి చింపబోతుంటే బాబాయి అడ్డంపడి తెచ్చుకున్నాడు. అసలు పేరున్న పేజీని చెదలు భోంచేశాయి. కనుక ఆయన మా ఇంట్లో లండన్ తాతగానే స్థిరపడ్డాడు. ముందుమాటలో చెదలు దయతో వదిలిన సగం పేజీ నుంచి సగం, తన ఊహలోంచి సగం కలిపి, బాబాయి ఆయన జీవితాన్ని నాకు పురాణంలా చెప్పేవాడు. అతిశయోక్తి మా వంశంలోనే ఉందని మీరీపాటికి గ్రహించే ఉంటారు. ఆ రోజుల్లో బొమ్మని చెక్కదిమ్మ మీద కుడి ఎడమగా, ఎడమ కుడిగా తిరగేసి గీసేవాళ్లట. చెక్కేవాళ్లు దాన్ని ముక్కలుగా విడదీసి తలా ఒకటి పంచుకుని చెక్కి, మళ్లీ బిగించి అచ్చుకి పంపేవాళ్లట. ఒకడి ముక్కలో రాజుగారి ముక్కు, ఇంకొకడి ముక్కలో రాజుగారి బూటు. తాత అలా వారం వారం, నల్లజుట్టు నుంచి తెల్లజుట్టు దాకా గీస్తూనే ఉన్నాడట. మధ్యలో తీరిక దొరికితే పిల్లల కథలకి కుందేళ్లనీ పిల్లుల్నీ వేశాడట. చివరికి రాణిగారే పిలిచి బిరుదిచ్చిందట.

ఆ పుస్తకంలో దేశాలన్నీ మనుషులుగానో జంతువులుగానో తిరుగుతుండేవి. రష్యా ఎలుగుబంటి. ఇంగ్లండు సింహం. మనం పులి. ఒక పేజీలో సింహం మన పులి మీదికి దూకుతుంటుంది. బాబాయి ఆ పేజీ తెరిచి కోపంతో ఊగిపోయేవాడు. “చూశావుటరా, మనమీదకి సింహాన్ని తోలాడు దుర్మార్గుడు!” అని, మరుక్షణమే వేలితో నిమురుతూ, “అయినా ఆ చారలు చూడు. శత్రువు చారల్ని ఇంత శ్రద్ధగా ఎవడేస్తాడు?” అని ఆ పేజీనే కళ్లకద్దుకునేవాడు.

తాత దగ్గర బాబాయి నేర్చుకున్నవి రెండు. మొదటిది, అడ్డగీతల మీద నిలువుగీతలు కలనేసి నీడలు దించడం. లండన్ కాగితం మీద అది పట్టుచీరలా ఉండేది. మా పత్రిక కాగితం మీద సిరా అలుక్కుపోయి తారుడబ్బాలా ఉండేది. ఎడిటరుగారు మొత్తుకునేవారు: “ఏవండీ, కాస్త గీతలు తగ్గించండి. నిన్న ముఖ్యమంత్రిగారు ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టంలోంచి దిగొచ్చినట్టు అచ్చుపడ్డారు.” రెండోది కృష్ణమ్మ. ఇంగ్లండుని తాత కొన్నిసార్లు ఇనపటోపీ పెట్టుకుని శూలం పట్టుకున్న ఆడమనిషిగా వేశాడు. బాబాయి ఆ పేజీ ముందు చాలా కాలం తపస్సు చేశాడు. “వాళ్లకి టోపీ అమ్మ ఉన్నప్పుడు మనకి నదమ్మ ఉండకూడదా?” అన్నాడు. ఆ ఏడాది కాలువలకి నీళ్లు వదలడం ఆలస్యమై, దివిసీమ దాకా రైతులు ఆకాశం చూస్తూ కూర్చున్నారు. ఒక పొద్దున పేపరు మూలలో కృష్ణమ్మ వెలిసింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని, సచివాలయం గుమ్మంలో నిలబడి, “నన్ను వదులుతారా, నేనే రానా?” అంటోంది.

అంతా తలలోంచి గీసేవాడికి ఆడమనిషి అనగానే తలలో ఎవరు మెదులుతారు? పాపం, ఆయన కావాలని చేసింది కాదు. కృష్ణమ్మ అచ్చం మా పిన్నిలా వచ్చింది. నుదుటి మీద రూపాయంత బొట్టు, బొడ్లో దోపిన కొంగు, వంగని చిటికెనవేలు. వీధిలో ఆడవాళ్లు కుళాయి దగ్గరే పోల్చేశారు. “ఏం కృష్ణమ్మగారూ, ఇవాళ మా కుళాయిలోకి వస్తున్నారా లేదా?” కూరలబ్బాయి సైకిలాపి దణ్ణం పెట్టేవాడు: “అమ్మా, తమరు దయచూడకే తోటకూర ఇలా వాడిపోయిందండీ.” పిన్ని పైకి మూతి మూడువంకర్లు తిప్పేది. కానీ అప్పట్నుంచీ వీధి కుళాయికి వెళ్లేటప్పుడు కూడా ఇస్త్రీ చీర కట్టడం నేను గమనించాను. ఒకరోజు కాలువ చివరి భూముల రైతులు బళ్లు కట్టుకుని, దండలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎడ్లే. పిన్ని సిగ్గుపడి వెనకగుమ్మం దారిన పక్కింటికి పారిపోయింది.

అలా నవ్వుతూ సాగిపోవలసిన నది, ఒక కరువు వేసవిలో ఎదురుతిరిగింది. ఆ ఏడాది బ్యారేజీ కింద ఇసుక తప్ప ఏమీ లేదు. జనం నదిలోంచి నడిచి అవతలి ఒడ్డుకి వెళ్లి, కాళ్లు తడవలేదని బాధపడుతూ తిరిగొచ్చేవారు. బాబాయి గుండె కరిగి, ఎన్నడూ లేనంత శ్రద్ధగా ఒక బొమ్మ వేశాడు. కృష్ణమ్మ ఇసుకలో కూర్చుని ఉంది. ఒంటి మీద చిరుగుల చీర. బిందె బోర్లపడి ఉంది. ఎడిటరుగారు కూడా గీతలు తగ్గించమనలేదు. అది చూసి ఊరు కంటతడి పెట్టింది.

రెండు రోజులు తిరక్కుండా పిన్ని వాళ్ల అన్నయ్య దిగాడు. అవనిగడ్డ పక్క ఊళ్లో వ్యవసాయం చేసే మనిషి, మా వరసకి మావయ్య. భుజాన బియ్యం బస్తా, చంకలో కొబ్బరికాయలు, చేతిలో కాగితం చుట్టిన మంగళగిరి చీర. చెల్లెల్ని చూడగానే ఆ పెద్దమనిషి కండువాతో కళ్లొత్తుకున్నాడు. తర్వాత బాబాయి వైపు తిరిగాడు.

“ఏం బావగారూ, ఇబ్బందిగా ఉంటే ఒక్క ముక్క కబురు పెట్టకూడదా? మేం పరాయోళ్లమా? పేపర్లో వేయించాలా?”

“బావగారూ, అది మీ చెల్లెలు కాదండీ. కృష్ణానది” అన్నాడు బాబాయి.

“నదయితే దానికి మా చెల్లి వేలు ఎందుకుందండీ?”

బాబాయి లండన్ తాత పుస్తకం వైపు చూశాడు. “ఊళ్లో టీ కొట్టు కాడ అందరూ చూశారండీ. మీ చెల్లికి కట్టుకోను చీర లేదంటగదా అని మొహమ్మీద అడుగుతుంటే, నా తల ఎక్కడ పెట్టుకోవాలండీ?” అని మావయ్య ఇంకోసారి కండువా అందుకున్నాడు. ఎంత చెప్పినా ఆయన వినలేదు. భోంచేస్తూ కూడా, రెండోసారి అన్నం పెట్టించుకోడానికి మొహమాటపడ్డాడు, ఇంట్లో ఉన్న గింజలు తను తినేస్తే చెల్లెలికి ఉండవేమోనని.

ఆయన బస్సెక్కాక పిన్ని బాబాయి గది గుమ్మంలో నిలబడింది. అరవలేదు. అరిచినా బాగుండేది. “కూరలబ్బాయి దణ్ణం పెడితే నవ్వుకున్నాను. కుళాయి దగ్గర ఆటపట్టిస్తే ఓర్చుకున్నాను. పుట్టింటివాళ్ల ముందు నన్ను లేనిదాన్ని చేశారు. మీరు చూస్తేనే కదండీ గీసేది. నేనిక ఈ గది గుమ్మం తొక్కను” అంది. అన్నట్టే తొక్కలేదు. సాయంత్రం కాఫీ గ్లాసు గుమ్మం ఇవతల నేల మీద ఉండేది. పిన్ని అప్పటికే వంటింట్లో ఉండేది. ఆయన బయటికొస్తే ఆవిడ పెరట్లోకి, పెరట్లోకి వెళ్తే డాబా మీదికి. అంత చిన్న ఇంట్లో ఒకరికొకరు కనపడకుండా తిరగడానికి ఎంత నేర్పు కావాలో నాకప్పుడే తెలిసింది.

బాబాయి మొదట్లో బెదరలేదు. “తలలో ఉందిగా, పర్వాలేదు” అన్నాడు. కొన్నాళ్లు తలలో ఉన్నదే తీసి గీశాడు, చిటికెనవేలు మడిచేసి, బొట్టు చిన్నది చేసి, ఎవరూ పోల్చకుండా. తర్వాత్తర్వాత సరుకు అయిపోవడం మొదలైంది. ఒక కృష్ణమ్మకి ఎడిటరుగారి గడ్డం వచ్చింది. ఇంకో కృష్ణమ్మ మా వీధి టైలరులా వచ్చి, బిందెని కొలతలు తీసుకుంటున్నట్టు పట్టుకుంది. విసుగెత్తి ఒకసారి క్యాలెండరు బొమ్మలాంటి సన్నటి అమ్మాయిని వేశాడు. ఆ రోజు పొద్దున్న వంటింట్లోంచి పిన్ని గొంతు, చాలా కాలం తర్వాత, నన్ను ఉద్దేశించి వినపడింది: “ఒరేయ్, ఆ నడుం ఎవరిదో మీ బాబాయిని అడుగు.” నేనడిగాను. బాబాయి మొహం పాలిపోయింది. అది నిజంగా ఎవరిదీ కాదు, అందుకే అంత సన్నగా ఉంది.

పాఠకులు కార్డులు రాయడం మొదలుపెట్టారు: మా కృష్ణమ్మ ఏది, ఈవిడెవరు? ఎడిటరుగారు పిలిపించి మెత్తగానే చెప్పారు. ఎల్లుండి కాలువలకి నీళ్లు వదులుతున్నారు. ఆ పొద్దున మొదటి పేజీలో పాత కృష్ణమ్మే ఉండాలి. లేకపోతే ఆ మూల రాశిఫలాలకి ఇచ్చేస్తారు. బాబాయి ఇంటికొచ్చి కూర్చుని, “ఆ మూల పోతే విత్తనాల కొట్లవాళ్ల పొట్లాల మీద వంకాయలు గీసుకోవాల్రా. నాకు వంకాయ సరిగా రాదు” అన్నాడు. నవ్వబోయాను. ఆయన కళ్లు చూసి మానేశాను. ఆయన చెయ్యి బాగానే ఉంది, సిరా ఉంది, కాగితం ఉంది. తలలో మనిషి లేదు.

మర్నాడు సాయంత్రం నేను కొట్టు నుంచి త్వరగా వచ్చేశాను. పత్రికాఫీసు నుంచి స్కూటరు మీద వచ్చిన మనిషి బొమ్మ కోసం అరుగు మీద కూర్చుని వక్కపొడి నములుతున్నాడు. కరెంటు లేదు. ఎండ తగ్గి, వీధంతా పసుపు కలిపిన నీళ్లలా ఉంది. ఎవరో ఇంటిముందు నీళ్లు చల్లితే మట్టి వాసన వచ్చింది. గదిలో బాబాయి పడక కుర్చీలో కళ్లు మూసుకున్నాడు. గురక లేదు. చుట్టూ చింపేసిన కాగితాలు ఎలా పడి ఉన్నాయంటే, పెనుగాలికి కొంగల గుంపు గదిలో కూలినట్టుంది. కళ్లు తెరుస్తాడు, రెండు గీతలు గీస్తాడు, చింపుతాడు, మళ్లీ కళ్లు మూస్తాడు. అప్పుడే వీధి కుళాయి వదిలారు. బిందెల చప్పుడు, ఆడవాళ్ల మాటలు. పిన్ని నిండు బిందెతో లోపలికొచ్చింది. వంటింట్లోకి వెళ్లబోతూ ఆ గది గుమ్మం దగ్గర ఆగింది. నేల మీది కాగితాల వంక చూసింది.

“బిందె అలా పట్టుకుంటే వీధి మలుపు తిరక్కముందే జారిపోద్ది. పట్టు తెలియనివాళ్ల చేత నీళ్లు మోయించకండి” అంది.

బాబాయి కళ్లు తెరిచాడు. “రానన్నావుగా?”

“రాలేదు. గుమ్మంలో ఉన్నాను. ఎంతకాలమని ఆ లండన్ ఆయన కళ్లతో చూస్తారు? మీ కళ్లతో చూడండి.”

“బరువు కదా, దించు.”

“దించితే మీకు బొమ్మ రాదు. చీర మాత్రం చిరుగు లేకుండా వేయండి. పేపరు మా అన్నయ్య కూడా చూస్తాడు.”

చూసి గీయడం గుమస్తా పని అన్న మనిషి, ఆ రోజు చూసి గీశాడు. అడ్డగీతలు లేవు, నిలువుగీతలు లేవు, లండన్ లేదు. నాలుగు తీగల్లాంటి గీతలు. చెమటకి నుదుటన చెదిరిన బొట్టు, చంక కింద తడిసిన చీర, బరువుకి ఒక పక్కకి ఒరిగిన నడుం, పైకి లేచిన చిటికెనవేలు. బిందె అంచున నీళ్లు తొణికి మోచేతి మీదుగా జారి గుమ్మం మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. అరుగు మీద మనిషి వక్కపొడి నమలడం మానేశాడు. పొద్దున్నే కాలువలోకి నీళ్లొచ్చాయి, పేపర్లోకి కృష్ణమ్మ వచ్చింది. నిండు బిందెతో ఇంటి గుమ్మంలో నిలబడింది. కింద మాట ఏమీ లేదు. ఆ మూల బాబాయి రిటైరయ్యేదాకా బాబాయిదే. పంట చేతికొచ్చాక మావయ్య కొత్తబియ్యంతో వచ్చి, ఆ బొమ్మని పసుపుసంచీలోంచి తీసి చూపించి, “ఇప్పుడు బాగున్నావమ్మా” అన్నాడు, ఎదురుగా ఉన్న చెల్లెల్ని వదిలేసి కాగితంలో ఉన్న చెల్లెలితో.

పత్రిక మూతపడింది. బాబాయి వెళ్లిపోయి చాలా కాలమైంది. పిన్ని కూతురి దగ్గర భవానీపురంలో ఉంటుంది. ట్యాంకరు సంగతి చెబుదామని మొన్న వెళ్లి, రాసిందంతా చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు నవ్వింది, మావయ్య దగ్గర కళ్లు తుడుచుకుంది. అంతా అయ్యాక, “బాగానే ఉందిరా. కానీ బిందెతో గుమ్మం దగ్గర నిలబడి ఆ మాటలన్నీ నేనెప్పుడన్నాను?” అంది.

ఇదిగో, మాట ఇచ్చినట్టు ఒప్పుకుంటున్నాను. రైతులు దండలతో రావడం మీరు నమ్మి ఉండరు. అది నిజమే, కాకపోతే వచ్చింది ఒక్కడు, దండకి బదులు దోసకాయలు తెచ్చాడు. గడ్డం కృష్ణమ్మ నిజం. నది కాదు నా చెల్లెలే అని ఏడ్చిన మావయ్య, అక్షరం అక్షరం నిజం. నేను కల్పించింది ఆ సాయంత్రం పిన్ని చేత మాట్లాడించడం ఒక్కటే. ఆవిడ ఏమీ అనలేదు. ఆయనా ఏమీ అడగలేదు. మాటలు లేకుండా రాస్తే మీరు నమ్మరని నేనే పెట్టాను. “నోరు తెరిస్తే బిందె జారేదిరా” అంది పిన్ని మొన్న, అదొక విశేషమే కానట్టు. ఆవిడ వచ్చి నిలబడింది, ఆయన చూశాడు, గీశాడు. అంతే. నా చేతిలో పడ్డ ఏ సంగతైనా ఏడాదికేడాది పెరుగుతూ పోతుంది. ఆ ఇద్దరూ మాట్లాడుకోకుండా ఉన్న ఆ కాసేపు మాత్రం, ఎన్నేళ్లయినా, ఎంత లాగినా, అప్పుడు ఎంత ఉందో ఇప్పటికీ అంతే ఉంది.